పేపర్ ఒక్కటి రాసిచ్చేయ్ బ్రదర్ అనే మన ఇంటి ఓనర్లకి

ఇంగ్లాండ్‌లో ఇళ్ళు కొని మన స్టూడెంట్స్‌కి అద్దెకిచ్చే తెలుగు అన్నలకి, అక్కలకి, బాబాయిలకి నమస్కారం.

నేను గ్యాస్ ఇంజనీర్‌ని. 2011లో మాస్టర్స్ కోసం వచ్చి, వేర్‌హౌస్‌లో నైట్ షిఫ్టులు చేసి, తర్వాత ఒక పెద్దాయన దగ్గర హీటింగ్ పని నేర్చుకుని, పరీక్షలు పాసై, గ్యాస్ పని చేసేవాళ్ళ అధికారిక జాబితా అయిన గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో పేరు ఎక్కించుకున్నా. ఐదేళ్ళకోసారి మళ్ళీ పరీక్ష ఉంటుంది, మొన్నే రాసొచ్చా. మీలో చాలామంది ఇళ్ళకి వచ్చా, టీ తాగా, సంక్రాంతికి అరిసెలు కట్టిచ్చిన అక్కలు కూడా ఉన్నారు. మనవాడు అని నాకే ఫోన్ చేస్తారు, ఆ పిలుపే నాకు అన్నం పెడుతోంది, అది మర్చిపోయి ఈ ఉత్తరం రాయట్లేదు.

కానీ ప్రతి సెప్టెంబర్‌లో, ప్రతి జనవరిలో, కొత్త ఇంటేక్ పిల్లలు సూట్‌కేసులతో దిగే టైంలో, బాయిలర్, అంటే నీళ్ళని, ఇంటిని వేడి చేసే గ్యాస్ మెషిన్, సేఫ్‌గా ఉందని చెక్ చేసి నేను ఇవ్వాల్సిన పేపర్ గురించి ఒకటే మాట వింటున్నా. "బ్రదర్, బాయిలర్ బ్రహ్మాండంగా ఉంది, నువ్వు రావక్కర్లేదు, పోయినేడాది పేపర్ వాట్సాప్ చేస్తా, డేట్ మార్చి రాసిచ్చేయ్, డబ్బులు ఇప్పుడే వేసేస్తా." రావక్కర్లేదు అనే ఆ ఒక్క ముక్క గురించే ఈ ఉత్తరం.

ఒక ఇంటి సంగతి చెప్తా, ఊరు చెప్పను, ఓనర్ ఎవరో అస్సలు చెప్పను. జనవరి, శనివారం పొద్దున. ఆయన ఫోన్‌లో పైన రాసిన మాటే అన్నాడు, నేను రాకుండా ఇవ్వను సార్ అంటే కొంచెం చిరాకు పడి సరే రా అన్నాడు. వెళ్తే మూడు బెడ్రూంల ఇంట్లో ఏడుగురు పిల్లలు, కుకర్ విజిల్ వేస్తోంది, గుమ్మం దగ్గర ఇరవై జతల చెప్పులు బూట్లు. బాయిలర్ కిచెన్‌లో మూల కప్‌బోర్డ్‌లో ఉంది, ఆన్ చేస్తే వెలిగింది, వేడినీళ్ళు వచ్చాయి, రేడియేటర్లు కాలుతున్నాయి, ఓనర్ చెప్పింది నిజమే, బ్రహ్మాండంగా ఉంది. అప్పుడు ఫ్లూ, అంటే పొగ బయటికి పోయే గొట్టం, ఎటు పోతోందో చూద్దామని వెనక తలుపు తీశా. తీస్తే బయట లేదు, ఇంకో గది ఉంది. వెనక ఖాళీ జాగాలో ఓనర్ మూడేళ్ళ కిందటి సమ్మర్‌లో కర్ర ఫ్రేములు కొట్టించి, పైన ప్లాస్టిక్ షీట్లు వేయించి, పక్కలు చెక్కలతో మూయించి, పిల్లలకి బట్టలు ఆరేసుకోడానికి పనికొస్తుంది అని కట్టించాడు. మంచి మనసుతోనే కట్టించాడు, అందులో నాకు సందేహం లేదు. కానీ బాయిలర్ ఫ్లూ మూతి సరిగ్గా ఆ గదిలోకే తెరుచుకుని ఉంది. షీట్ల కింద నీటి చుక్కలు వరసగా వేలాడుతున్నాయి, చెక్కలు నల్లగా బూజు పట్టాయి, దండెం మీద జీన్స్ ప్యాంట్లు చెమ్మగా ఉన్నాయి, ఇరవై కేజీల రైస్ బ్యాగులు రెండు గోడకి ఆనించి ఉన్నాయి. ఓ పక్క కిచెన్ కిటికీ కూడా అందులోకే తెరుచుకుంటుంది.

ఇక్కడ విషయం కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే బాయిలర్ వెలుగుతోంది అంటే బాగున్నట్టే అని మనలో చాలామంది అనుకుంటారు. ఈ గోడ బాయిలర్లలో ఎక్కువ శాతం రూం సీల్డ్ రకం, గొట్టంలో గొట్టం ఉంటుంది, లోపలి గొట్టంలోంచి కాలిన గ్యాస్ బయటికి పోతుంది, బయటి గొట్టంలోంచి మంటకి కావాల్సిన గాలి లోపలికి వస్తుంది, ఇంట్లో గాలిని అది ముట్టుకోదు. అందుకే ఇవి సేఫ్. కానీ ఆ మూతి చుట్టూ గది కట్టేస్తే బాయిలర్ తను వదిలిన పొగనే మళ్ళీ పీల్చుకుంటుంది, ఆక్సిజన్ తగ్గుతుంది, మంట సరిగ్గా కాలదు, సరిగ్గా కాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నేను ఆ రోజు అనలైజర్, అంటే గ్యాస్‌లు కొలిచే మీటర్, గొట్టాన్ని గాలి వచ్చే వైపు పాయింట్‌లో పెట్టా. అక్కడ ఆక్సిజన్ 20.6 శాతమో అంతకంటే ఎక్కువో ఉండాలి, అది బయట గాలి. నాకు 19 దగ్గర చూపిస్తోంది. పొగ వైపు పెడితే కార్బన్ మోనాక్సైడ్ 350 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ళలో 350 పాళ్ళు, దాటకూడదు, కార్బన్ డయాక్సైడ్‌తో దాని నిష్పత్తి 0.004 దాటకూడదు. నా చేతిలో అంకె వెయ్యి దాటి ఇంకా పైకి పోతోంది. ఆపేశా.

పిల్లల్ని హాల్లో కూర్చోబెట్టి అడిగా, ఎవరికైనా తలనొప్పి, వాంతులు, కళ్ళు తిరగడం ఏమైనా ఉందా అని. ఒకబ్బాయి, కరీంనగర్ వైపు కుర్రాడు, నెమ్మదిగా చెప్పాడు, "అన్నా నాకు ఆదివారం ఆదివారం తల పగిలిపోతది, చలికి అనుకున్న, వర్క్‌కి పోతే తగ్గిపోతది." ఆదివారం ఎందుకంటే ఆ రోజు అందరూ ఇంట్లోనే ఉంటారు, ఒకరి తర్వాత ఒకరు ఏడుగురు తలస్నానం చేస్తారు, రోజంతా వంట, బాయిలర్ గంటల తరబడి ఆగకుండా కాలుతుంది. వాడి రూం కిచెన్ పైనే. ఇంట్లో ఉంటే తలనొప్పి, బయటికెళ్తే తగ్గడం, టెంపరేచర్ పెరగకుండానే ఇన్‌ఫ్లుయెంజా జ్వరం వచ్చినట్టు ఉండటం, ఇంట్లో ఒకరికి మించి అలా ఉండటం, ఇవన్నీ కార్బన్ మోనాక్సైడ్ గుర్తులు. కార్బన్ మోనాక్సైడ్ అలారం ఏదిరా అంటే డ్రాయర్‌లోంచి తీసిచ్చారు, బ్యాటరీలు లేవు, టీవీ రిమోట్‌లో వేసుకున్నారు. మాటిమాటికీ అరుస్తోందని ఓనర్‌కి చెప్తే బ్యాటరీ తీసేయండి అన్నాడట. నేను ఆ అలారం వెనక్కి తిప్పి చూస్తే గడువు తేదీ ఇంకా ఉంది. అది ఊరికే అరవలేదు.

ఆ అలారం ఎలా లెక్కేస్తుందో మీకు తెలిస్తే ఇంకెప్పుడూ బ్యాటరీ తీయమని చెప్పరు. గాలిలో 50 పీపీఎం ఉంటే గంట నుంచి గంటన్నర లోపు మోగుతుంది, 100 ఉంటే 10 నుంచి 40 నిమిషాల్లో, 300 ఉంటే 3 నిమిషాల్లోపు. అంటే కాసేపు పొగ వచ్చి పోతే మోగేది కాదు, పీల్చే మనిషికి ఎంత ఎక్కి ఉంటుందో అంచనా వేసుకుని మరీ మోగుతుంది. నిమిషానికోసారి టిక్కుమంటే బ్యాటరీ సంగతి, గట్టిగా ఆగకుండా మోగితే మనుషుల సంగతి. ఇంగ్లాండ్‌లో 2022 అక్టోబర్ 1 నుంచి అద్దె ఇళ్ళల్లో గ్యాస్ బాయిలర్ ఉన్న ప్రతి గదిలో ఈ అలారం ఓనరే పెట్టాలి, పాడైందని చెప్తే ఓనరే మార్చాలి. బాయిలర్‌కి అడ్డంగా కొలిస్తే ఒకటి నుంచి మూడు మీటర్ల దూరంలో ఉండాలి, సీలింగ్‌కైతే గోడ నుంచి కనీసం 300 మిల్లీమీటర్లు ఇవతలికి, గోడకైతే సీలింగ్ నుంచి కనీసం 150 మిల్లీమీటర్లు కిందకి. డబ్బా మీద బీఎస్ ఈఎన్ 50291 అనే స్టాండర్డ్ నంబర్ ఉండాలి. కప్‌బోర్డ్‌లో కారం డబ్బాల వెనక పెడితే ఉన్నా లేనట్టే.

ఆ రోజు నేను చేసింది చట్టం నాతో చేయించింది. ఇమీడియట్లీ డేంజరస్, అంటే ఇప్పటికిప్పుడే ప్రమాదం, అని రాసి, ఓనర్‌కి ఫోన్‌లో చెప్పి, ఆయన ఒప్పుకున్నాక గ్యాస్ నుంచి బాయిలర్‌ని విడదీసి, ఎర్ర లేబుల్ కట్టా. ఒప్పుకోకపోతే గ్యాస్ ఎమర్జెన్సీ వాళ్ళని పిలవాల్సి వచ్చేది. ఆయన మొదట కోప్పడ్డాడు, చలికాలంలో పిల్లలకి హీటింగ్ ఆపేస్తావా అన్నాడు, నేను ఆ అబ్బాయి తలనొప్పి గురించి చెప్పా, అవతల చాలాసేపు మాట లేదు. సాయంత్రానికి కరెంట్ హీటర్లు నాలుగు తెచ్చాడు, మర్నాడు తనే వచ్చి షీట్లు ఊడదీయించాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఆయనకి ఎవరూ చెప్పలేదు, అంతకుముందు రెండేళ్ళు ఎవడో ఇంటికి రాకుండానే పేపర్ రాసిచ్చాడు. వచ్చి ఉంటే వెనక తలుపు తీసేవాడు కదా.

ఆ అబ్బాయిని హాస్పిటల్‌కి పంపా, రక్త పరీక్ష చేయించుకో అని. ఇక్కడ ఒక మాట, కోవిడ్ టైంలో కొన్న వేలికి పెట్టుకునే ఆక్సీమీటర్ చూసుకుని 98 ఉంది బాగానే ఉన్నా అనుకోకూడదు. రక్తంలో ఆక్సిజన్ కూర్చోవాల్సిన చోట కార్బన్ మోనాక్సైడ్ కూర్చుంటుంది, ఆక్సిజన్ కంటే 200 రెట్ల పైనే గట్టిగా పట్టుకుంటుంది, ఆ మీటర్‌కి రెండూ ఒకటే ఎరుపులా కనిపిస్తాయి కాబట్టి అంకె బాగానే చూపిస్తుంది.

ఇప్పుడు చట్టం గురించి సూటిగా. 1998 గ్యాస్ సేఫ్టీ రెగ్యులేషన్స్ ప్రకారం అద్దెకిచ్చిన ఇంట్లో గ్యాస్ వస్తువులు, ఫ్లూలు 12 నెలలకోసారి రిజిస్టర్డ్ ఇంజనీర్ చెక్ చేయాలి, ఆ రికార్డ్ ఉన్న టెనెంట్స్‌కి 28 రోజుల్లో, కొత్తవాళ్ళకి దిగకముందే ఇవ్వాలి, ఆ తర్వాత ఇంకో రెండు చెక్‌లు అయ్యేదాకా దాచాలి. దీన్నే అందరూ సీపీ12 అంటున్నారు, కార్గి అనే పాత రిజిస్టర్ రోజుల నాటి ఫారం పేరు, 2009 ఏప్రిల్‌లో కార్గి పోయి గ్యాస్ సేఫ్ వచ్చినా ఆ పేరు పోలేదు. మేం కూడా అదే ఇంట్లో ఉంటున్నాం, ఒక్క రూమే ఇచ్చాం అన్నా ఈ బాధ్యత పోదు. ఏజెంట్ చూసుకుంటాడు అన్నా చివరికి అడిగేది మిమ్మల్నే, జైలు దాకా వెళ్ళే కేసు ఇది. ఇంకోటి, గడువుకి రెండు నెలల ముందు చేయించుకున్నా పాత తేదీ అలాగే నిలబడుతుంది, 2018 నుంచి ఆ వెసులుబాటు ఉంది. కాబట్టి ఆగస్ట్ ఆఖర్లో అందరూ ఒకేసారి నా మీద పడకుండా జూలైలో పిలవండి, అప్పుడు నాకూ తీరిక ఉంటుంది, బాయిలర్‌లో ఏదైనా తేడా ఉంటే చలి మొదలవ్వకముందే బాగు చేయొచ్చు.

చెక్ వేరు, సర్వీస్ వేరు అని కూడా చాలామందికి తెలీదు. చెక్ అంటే ఈ రోజు ఇది సేఫా కాదా అని చూడటం. మీటర్ దగ్గర గేజ్ పెట్టి పైపుల్లో లీక్ ఉందేమో చూస్తా, బాయిలర్ ఫుల్‌గా కాలుతున్నప్పుడు ప్రెషర్ ఎంతుందో చూస్తా, ఫ్లూ ఎక్కడికి పోతోందో, గాలి ఎక్కడ్నుంచి వస్తోందో, ఆపాల్సిన చోట సేఫ్టీ డివైజులు ఆపుతున్నాయో లేదో చూస్తా. సర్వీస్ అంటే కంపెనీ మాన్యువల్ ప్రకారం లోపల విప్పి బర్నర్ సీల్, ఎలక్ట్రోడ్ చూడటం, కండెన్సేట్ ట్రాప్, అంటే పొగ చల్లారి అయిన నీరు చేరే గిన్నె, తీసి బురద కడగడం, కింద మ్యాగ్నెటిక్ ఫిల్టర్ తీసి నల్ల మడ్డి వదిలించడం. ఆ ఫిల్టర్ లోపల మాగ్నెట్‌కి పట్టిన నల్ల ముద్ద ఒకసారి మీరే చూడండి, కాటుకలా ఉంటుంది, అదంతా మీ రేడియేటర్లు లోపల్నుంచి తుప్పు పట్టి ఊడిన ఇనుము. నేను రెండూ కలిపి ఒకే రోజు చేస్తా, విడివిడిగా పిలిస్తే మీకే ఖర్చు. వారంటీ ఉండాలంటే కంపెనీవాళ్ళు కూడా ఏటా సర్వీస్ అడుగుతారు, ఏడో ఏడు బాయిలర్ సర్క్యూట్ బోర్డు పోయినప్పుడు సర్వీస్ రికార్డ్ లేక వారంటీ దక్కని ఇళ్ళు చాలానే చూశా.

బాయిలర్ నీళ్ళ ప్రెషర్ సంగతి ఒకటుంది, ఇది స్టూడెంట్ ఇళ్ళల్లో రోజూ జరిగేది. చల్లగా ఉన్నప్పుడు ప్రెషర్ గేజ్ ముల్లు ఒకటి, ఒకటిన్నర బార్ మధ్య ఉండాలి. అది సున్నాకి పడిపోతే బాయిలర్ ఆగుతుంది, పిల్లలు యూట్యూబ్ చూసి కింద సిల్వర్ పైపు కుళాయి తిప్పి నింపుతారు, మర్నాడు మళ్ళీ సున్నా, మళ్ళీ నింపుతారు, ఇలా నెలలు. ఓనర్‌కి చెప్తే నింపుకోండి అంటాడు. చాలాసార్లు లోపల ఎక్స్‌పాన్షన్ వెసెల్ అనే గాలి డబ్బాలో గాలి పోయి ఉంటుంది, నీళ్ళు కాగి ఉబ్బినప్పుడు చోటు లేక ప్రెషర్ 3 బార్ దాకా పోయి సేఫ్టీ వాల్వ్ బయటికి వదిలేస్తుంది, చల్లారగానే సున్నా. నింపే ప్రతిసారీ కొత్త నీటితో కొత్త ఆక్సిజన్ లోపలికి వెళ్ళి రేడియేటర్లు ఇంకా తుప్పు పడతాయి, తుప్పు ఆపే కెమికల్ పలచబడిపోతుంది. నెలకి ఒకసారి కంటే ఎక్కువ నింపాల్సి వస్తే అది నన్ను పిలవాల్సిన సంగతి.

కొత్త బాయిలర్ పెట్టించేవాళ్ళకి ఇంకా గట్టిగా చెప్పాలి. ఇళ్ళల్లో గదులు మార్చి కట్టే కన్వర్షన్ పనులు చేసే ఎవరో ఒకాయన "నాకు తెలిసినవాడు సగం రేటుకి పెడతాడు" అంటాడు. ఆ తెలిసినవాడు ఒకసారి పెట్టిన 30 కిలోవాట్ల కాంబిని, అంటే హీటింగ్‌కీ కుళాయి వేడినీళ్ళకీ ఒకటే బాయిలర్‌ని, చూశా, మీటర్ ముందు గదిలో, బాయిలర్ వెనక కిచెన్‌లో, మధ్యలో పన్నెండు మీటర్లు పాత 15 మిల్లీమీటర్ల పైపునే వాడేశాడు. మీటర్ దగ్గర 21 మిల్లీబార్ ఉంటే బాయిలర్ దగ్గరికి వచ్చేసరికి ఒక్క మిల్లీబార్‌కి మించి తగ్గకూడదు, అక్కడ సగానికి పడిపోతోంది, పైన షవర్ తిప్పి కింద పొయ్యి వెలిగిస్తే బాయిలర్ గుడగుడమంటోంది. పెద్ద పైపు వేయాలంటే ఫ్లోర్ విప్పాలి, అదే ఖర్చు అతను మిగిల్చింది. ఫ్లూ గోడలో దూర్చిన చోట చుట్టూ సిమెంట్ పెట్టలేదు, వేలు పడుతోంది. పైగా గొట్టం బయటికి వంగి ఉంది, నిజానికి కొంచెం బాయిలర్ వైపే వాలుండాలి, లోపల పట్టిన నీరు వెనక్కి వచ్చి ట్రాప్‌లో పడేలా. కండెన్సేట్ పైపేమో సన్నది బయట గోడ మీద నగ్నంగా వేశాడు, బయట వేస్తే కనీసం 32 మిల్లీమీటర్లదై తొడుగు ఉండాలి, లేకపోతే మంచు కురిసిన రోజే గడ్డకట్టి, హీటింగ్ కావాల్సిన రోజే ఆగిపోతుంది. అలా అయితే ఆ పైపు మీద గోరువెచ్చని నీళ్ళు పోయమని పిల్లలకి చెప్పండి, సలసల కాగేవి వద్దు.

గోడలో వేలు పట్టే కంత ఏం చేస్తుందిలే అనుకోకండి. 2006 అక్టోబర్‌లో గ్రీస్‌లో కోర్ఫు దీవికి సెలవులకి వెళ్ళిన ఇంగ్లాండ్ కుటుంబంలో ఏడేళ్ళ అక్క, ఆరేళ్ళ తమ్ముడు హోటల్ బంగళాలో చనిపోయారు. బాయిలర్ వాళ్ళ గదిలో లేదు, గోడ అవతల కొట్టులో ఉంది, సరిగ్గా మూయని కంతల్లోంచి గ్యాస్ ఇవతలికి వచ్చింది. నాకు ఇద్దరు పిల్లలు, సరిగ్గా అలాగే అక్కా తమ్ముడు, నేను ఫ్లూ చుట్టూ సిమెంట్ పూసే ప్రతిసారీ ఆ ఇద్దరూ గుర్తొస్తారు.

ఎవర్ని పిలిచినా, నన్నైనా సరే, గుమ్మంలోనే గ్యాస్ సేఫ్ కార్డ్ అడగండి. మొహమాటపడొద్దు, మనవాడే కదా అనుకోవద్దు. ముందు వైపు ఫోటో, లైసెన్స్ నంబర్, గడువు చూసి ఊరుకోకండి, వెనక్కి తిప్పండి, అతను ఏ ఏ పనులకి పరీక్ష పాసయ్యాడో వెనకే ఉంటుంది. కుక్కర్ హాబ్‌కి, అంటే వంట పొయ్యికి మాత్రమే పాసైనవాడు బాయిలర్ ముట్టుకోకూడదు. ఆ నంబర్ గ్యాస్ సేఫ్ సైట్‌లో కొడితే పేరు వస్తుంది. కొత్త బాయిలర్ పెట్టాక 30 రోజుల్లో అతను దాన్ని రిజిస్టర్ చేయాలి, మీకు బిల్డింగ్ రెగ్యులేషన్స్ సర్టిఫికెట్ రావాలి, మాన్యువల్ వెనక బెంచ్‌మార్క్ పేజీలో ప్రెషర్లు, అనలైజర్ అంకెలు చేత్తో రాసి ఉండాలి. ఆ పేజీ ఖాళీగా ఉంటే అతను కొలవలేదు అని అర్థం.

మన ఊర్లో బాత్రూంలో గ్యాస్ గీజర్ పెట్టుకున్నవాళ్ళు మీ అమ్మానాన్నల్లో ఉంటే ఈ రాత్రే ఫోన్ చేయండి. వాటిలో చాలావాటికి ఫ్లూ గొట్టమే ఉండదు, కాలిన గ్యాస్ బాత్రూంలోనే వదిలేస్తాయి. చలి అని వెంటిలేటర్‌కి అట్ట పెట్టి, తలుపు వేసుకుని అరగంట స్నానం చేస్తే మనిషి లోపలే పడిపోతాడు, తలుపు గడియ వేసి ఉంటుంది. గీజర్‌ని బాత్రూం బయట, గాలాడే చోట పెట్టించండి.

మీ టెనెంట్స్‌కి తెలుగులోనే ఒక కాగితం మీద రాసి మీటర్ పక్కన అంటించండి. గ్యాస్ వాసనొచ్చినా, అలారం ఆగకుండా మోగినా తలుపులు కిటికీలు తీయాలి, స్విచ్చులు వేయకూడదు, తీయకూడదు, మీటర్ దగ్గర లివర్‌ని పైపుకి అడ్డంగా తిప్పి గ్యాస్ ఆపాలి, అందరూ బయటికొచ్చి 0800 111 999కి ఫోన్ చేయాలి, పగలైనా రాత్రైనా ఎత్తుతారు, డబ్బులు పడవు. ఆ లివర్ ఎక్కడుందో మొదటి రోజు చేత్తో చూపించండి. మెట్ల కింద, సూట్‌కేసుల వెనక ఉండిపోతుంది అది చాలా ఇళ్ళల్లో. ఓనర్ అంకుల్ తిడతాడేమో అని చెప్పకుండా ఊరుకునే పిల్లలు ఉన్నారు, డిపాజిట్ కట్ చేస్తారేమో అని భయం, వాళ్ళకి ఆ భయం లేకుండా చేయాల్సింది మీరే. ఆ కరీంనగర్ అబ్బాయి రెండు నెలలు తలనొప్పితో ఉండి కూడా ఫోన్ చేయలేదు.

ఈ ఏడాది నన్ను పిలిచేముందు మూడు ఫోటోలు పంపండి. బాయిలర్ కింద స్టిక్కర్ మీద మోడల్ పేరు. బయట నుంచి ఫ్లూ మూతి, చుట్టూ ఓ రెండు మీటర్లు కనిపించేలా, కిటికీ, కంచె, షెడ్ ఏమున్నా సరే. అలారం వెనక వైపు తేదీ. ఆ మూడూ రాగానే డేట్ ఇస్తా, చెప్పిన టైంకి వస్తా, ముందు వెనక తలుపు తీసే చూస్తా.

ఇట్లు,
మీ గ్యాస్ ఇంజనీర్ తమ్ముడు